బౌలింగ్ చేసే పిల్లలకు స్కాలర్‌షిప్‌లు, అవార్డులు: శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాల కోసం సమగ్ర మార్గదర్శి

సంక్రాంతి వస్తే ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఊరూరా క్రికెట్ టోర్నమెంట్లే. ప్రతి ఊళ్లోనూ బ్యాట్స్‌మన్‌కి బంతి కనపడనివ్వని కుర్రాడు ఒకడుంటాడు. ఈమధ్య జడ్పీ హైస్కూళ్ల మైదానాల్లో అమ్మాయిలూ పరుగెత్తుకొచ్చి బంతి వేస్తున్నారు. వీళ్లలో చాలామంది పదో తరగతి దాటగానే ఆట మానేస్తారు. ఎందుకని అడిగితే ఇంట్లో వాళ్లు చెప్పేది ఒకటే: "డబ్బెవరు పెడతారండీ?" ఆ ప్రశ్నకు నాకు తెలిసినంత వివరంగా జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందే ఒక విషయం తెలుసుకోండి. ఫారం నింపి పంపగానే డబ్బు వచ్చే దారి క్రికెట్‌లో లేదు. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాకు ఎంపికైన క్రీడాకారులకు నెలకు 10,000 రూపాయల చేతిఖర్చు ఇస్తారని పేపర్లో చదివి చాలామంది ఆశపడతారు. ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో క్రికెట్ లేదు, కాబట్టి ఆ దారిలో తిరిగి కాలం పోగొట్టుకోకండి. క్రికెట్‌లో డబ్బు భారత క్రికెట్ బోర్డు (బీసీసీఐ) నుంచి, దాని కింద ఆంధ్రా క్రికెట్ అసోసియేషన్ (ఏసీఏ) నుంచి వస్తుంది. ఫీజు లేని శిక్షణ, మ్యాచ్ ఫీజు, అవార్డు, కాలేజీ సీటు, ఫీజు రాయితీ, చివరికి ఉద్యోగం, వీటిలో ఏ రూపంలోనైనా రావచ్చు. వీటన్నిటికీ అడిగే రుజువు ఒకటే: మీ పిల్లవాడు తీసిన వికెట్లు గుర్తింపు ఉన్న స్కోరుబుక్కులో ఉన్నాయా లేదా అన్నది. అందుకే స్కాలర్‌షిప్ వెతకడం కన్నా ముందు చేయాల్సిన పనులతో మొదలుపెడుతున్నాను.

మొదటి మెట్టు: కాగితాలు

మన దగ్గర మంచి బౌలర్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. బంతి బాగా వేసినా పుట్టిన తేదీ దగ్గర పేచీ వస్తుంది.

పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, స్కూలు రికార్డు, పదో తరగతి మార్కుల మెమో, ఈ నాలుగింటిలోనూ పేరు, తేదీ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉండటం, ఒకదాంట్లో పూర్తి ఇంటిపేరు, ఇంకోదాంట్లో ఒక్క అక్షరం ఉండటం మన దగ్గర మామూలే. పదో తరగతి మెమో వచ్చాక మార్చడం కష్టం. అందుకని తొమ్మిదో తరగతిలో నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల జాబితాలు) తయారయ్యే ముందే హెడ్మాస్టరుగారిని కలిసి సరిచేయించుకోండి. పుట్టుక అసలు నమోదు కాకపోతే, ఏడాది దాటిన ఆలస్య నమోదుకు ఆర్డీవో ఉత్తర్వు కావాలి. అది ఒక్క రోజులో అయ్యే పని కాదు. సెలక్షన్ ప్రకటన వచ్చాక పరుగులు పెడితే కుదరదు.

వయసు తగ్గించి రాయించే ఆలోచన మాత్రం చేయకండి. అండర్-16 అబ్బాయిలకు, అండర్-15 అమ్మాయిలకు బీసీసీఐ టీడబ్ల్యూ3 అనే పద్ధతిలో ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తుంది. దొంగ సర్టిఫికెట్ పెట్టినట్టు తేలితే 2 ఏళ్ల నిషేధం అని బోర్డు 2020లోనే ప్రకటించింది. పదిహేనేళ్ల బౌలర్‌కు 2 ఏళ్లు పోతే అండర్-16 పూర్తిగా పోయినట్టే, అండర్-19లో కూడా సగం పోయినట్టే. "అందరూ చేస్తున్నారు కదా" అని ఎవరైనా మీకు సలహా ఇస్తే, ఆ నిషేధం పడేది మీ బిడ్డ మీదే అని గుర్తుపెట్టుకోండి.

వయసు లెక్కకు బీసీసీఐ సెప్టెంబరు 1ని తీసుకుంటుంది. స్కూల్ గేమ్స్‌లో జనవరి 1 లెక్క. అందుకే ఒకే పిల్లవాడు స్కూలు పోటీల్లో ఒక విభాగంలో, అసోసియేషన్ పోటీల్లో ఇంకో విభాగంలో పడొచ్చు. రెండు లెక్కలూ ముందే వేసి పెట్టుకోండి.

ఇంకా కావాల్సినవి: సచివాలయంలో తీసుకునే ఆదాయ, నివాస, కుల ధ్రువపత్రాలు, మొదటి తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, పిల్లవాడి పేరు మీద బ్యాంకు ఖాతా, పాన్ కార్డు. మైనర్‌కు కూడా పాన్ ఇస్తారు. అది ఎందుకో మ్యాచ్ ఫీజు దగ్గర చెబుతాను.

రెండో మెట్టు: సరైన నిచ్చెన ఎక్కడం

క్రికెట్‌లో రెండు నిచ్చెనలు పక్కపక్కనే ఉంటాయి. పిల్లవాడు రెండింటి మీదా ఉండాలి.

మొదటిది స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ నిచ్చెన. అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాలుంటాయి. మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి జాతీయ పోటీలకు వెళ్తారు. దీనికి మీ స్కూలు పీఈటీ లేదా పీడీ మాస్టారే దారి. ఇక్కడ వచ్చే సర్టిఫికెట్ కాలేజీ సీటుకు, ఉద్యోగానికి పనికొస్తుంది. దీన్ని చిన్నచూపు చూసే కోచ్‌లున్నారు. వాళ్ల మాట వినకండి.

రెండోది జిల్లా క్రికెట్ అసోసియేషన్ నిచ్చెన. జిల్లా జట్టు, ఏసీఏ అంతర్ జిల్లా పోటీలు, అక్కడ రాణిస్తే రాష్ట్ర ప్రాబబుల్స్ (తుది ఎంపికకు ముందు తీసే జాబితా), ఆంధ్రా జట్టు. ఆంధ్రా అండర్-16 జట్టు విజయ్ మర్చంట్ ట్రోఫీ ఆడుతుంది. అండర్-19 జట్టు ఒకరోజు మ్యాచ్‌ల వినూ మన్కడ్ ట్రోఫీ, నాలుగు రోజుల మ్యాచ్‌ల కూచ్ బెహార్ ట్రోఫీ ఆడుతుంది. అండర్-23 వాళ్లది కల్నల్ సీకే నాయుడు ట్రోఫీ. భారత తొలి టెస్టు కెప్టెన్ అయిన ఆ నాయుడుగారు 1953-54లో మన ఆంధ్రా రంజీ జట్టుకు కూడా కెప్టెన్‌గా ఆడారు. జాతీయ సీజన్ అక్టోబరులో ఊపందుకుంటుంది కాబట్టి జిల్లా సెలక్షన్లు చాలావరకు వేసవి చుట్టూ ఉంటాయి. మార్చి నుంచే స్థానిక పేపర్ల జిల్లా పేజీలు చూస్తూ ఉండండి, అసోసియేషన్ వాళ్లను అడుగుతూ ఉండండి.

2022లో జిల్లాలు విడిపోయాక చాలా కుటుంబాలకు ఒక గందరగోళం ఉంది. రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాలకొండ, సాలూరు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. మీ మండలం ఏ క్రికెట్ అసోసియేషన్ పరిధిలోకి వస్తుందో సెలక్షన్ రోజున కాకుండా నెల ముందే అడిగి తెలుసుకోండి. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు పిల్లలు ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో చదువుతుంటే ఇంకా జాగ్రత్త అవసరం. ఏ రాష్ట్రం తరఫున ఆడాలో ఒకసారి నిర్ణయించుకుని ఆ రాష్ట్రానికే కట్టుబడండి. ఒకే సీజన్‌లో రెండు వైపులా పేరు నమోదైతే రెండు చోట్లా ఇబ్బందే.

సెలక్షన్ రోజున బౌలర్‌కు నెట్స్‌లో దొరికేది కొద్ది బంతులే. చాలామంది ఆ కొద్ది బంతుల్లోనే వేగం చూపించాలని లైన్ వదిలేస్తారు. సెలెక్టర్ ఆ కాసేపట్లో చూసేది మీ రనప్ (పరుగెత్తుకొచ్చే తీరు) ప్రతిసారీ ఒకేలా ఉందా, యాక్షన్ శుభ్రంగా ఉందా, చెప్పిన చోట బంతి పడుతోందా అని. బంతి వేసేటప్పుడు మోచేయి 15 డిగ్రీలకు మించి నిటారవుతోందన్న (అలా అయితే అది చెల్లని యాక్షన్) అనుమానం ఉంటే చిన్నప్పుడే కోచ్‌తో సరిచేయించుకోండి. రాష్ట్ర స్థాయికి వెళ్లాక ఆ అనుమానం వస్తే నెలల తరబడి ఆట ఆగిపోతుంది.

మూడో మెట్టు: వికెట్ల చిట్టా

బ్యాట్స్‌మన్ సెంచరీ కొడితే ఊరంతా చెప్పుకుంటుంది. బౌలర్ 18 ఓవర్లలో 30 పరుగులిచ్చి 4 వికెట్లు తీస్తే మర్నాటికే మర్చిపోతారు. కాబట్టి రాసుకోవాల్సింది మీరే. ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి మ్యాచ్‌కి ఇవి రాయండి: తేదీ, మైదానం, టోర్నమెంట్ పేరు, నిర్వహించింది ఎవరు, ఏ జట్టు మీద, ఓవర్లు, మెయిడెన్లు (పరుగు ఇవ్వని ఓవర్లు), పరుగులు, వికెట్లు. వీలైతే స్కోరుషీటు ఫొటో తీసి పెట్టుకోండి, పేపర్లో వస్తే కటింగ్ దాచండి.

సీజన్ అయ్యాక లెక్క కట్టాలి. ఉదాహరణకు 62 ఓవర్లు వేసి 186 పరుగులిచ్చి 14 వికెట్లు తీశారనుకోండి. పరుగుల్ని వికెట్లతో భాగిస్తే సగటు 13.28. పరుగుల్ని ఓవర్లతో భాగిస్తే ఎకానమీ 3. మొత్తం 372 బంతుల్ని 14తో భాగిస్తే స్ట్రైక్ రేటు 26.5, అంటే సుమారు 27 బంతులకో వికెట్. ఏ అకాడమీ వాళ్లైనా, కాలేజీ వాళ్లైనా మొదట అడిగేది ఈ మూడు అంకెలే. చిట్టాలో తోలుబంతి మ్యాచ్‌లు, టెన్నిస్ బంతి మ్యాచ్‌లు వేర్వేరు పేజీల్లో ఉండాలి. కలిపి రాస్తే చూసేవాళ్లకు మొత్తం మీదే నమ్మకం పోతుంది. స్కోర్లు నమోదు చేసే క్రిక్‌హీరోస్ యాప్‌లో ఉన్న రికార్డు చూపించడానికి బాగుంటుంది, కానీ అసోసియేషన్ స్కోరుబుక్కుకు సాటి రాదు.

సర్టిఫికెట్లు మాత్రం ఆడిన సంవత్సరమే తీసుకోండి. మూడేళ్ల తర్వాత ఉద్యోగం నోటిఫికేషన్ చూసి అడిగితే సంతకం పెట్టాల్సినాయన పదవిలో ఉండకపోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాకు నాలుగు రకాల ఫారాలున్నాయి. దేశం తరఫున ఆడితే ఫారం 1, రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం 2, యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ఆడితే ఫారం 3, రాష్ట్ర స్కూలు జట్టులో జాతీయ స్కూల్ గేమ్స్ ఆడితే ఫారం 4. ఒక్కోదాని మీద ఎవరు సంతకం పెట్టాలో ఫారంలోనే ఉంటుంది. జాతీయ స్కూల్ గేమ్స్ ఆడి వచ్చిన పిల్లల దగ్గర కూడా ఈ ఫారం ఉండదు, మెడల్ మాత్రమే ఉంటుంది. ఉద్యోగానికి అడిగేది ఫారాన్నే.

నాలుగో మెట్టు: ఫీజు లేని శిక్షణ

నా దృష్టిలో యువ బౌలర్‌కు దొరికే అతి పెద్ద స్కాలర్‌షిప్ ఇదే. చేతికి డబ్బు రాదు, కానీ ఇల్లు ఖర్చు పెట్టాల్సింది మిగులుతుంది.

ఫాస్ట్ బౌలర్లకు దేశంలో పేరున్న చోటు చెన్నైలోని ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్. 1987లో ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీ మార్గదర్శకత్వంలో మొదలైంది. 2012 నుంచి గ్లెన్ మెక్‌గ్రాత్ డైరెక్టర్. శ్రీనాథ్, వెంకటేశ్ ప్రసాద్, జహీర్ ఖాన్ అక్కడ తేలినవాళ్లే. ఎంపికైన వాళ్ల దగ్గర శిక్షణకు ఫీజు తీసుకోరు. రాష్ట్ర అసోసియేషన్లు, కోచ్‌ల సిఫారసు అక్కడ బాగా పనిచేస్తుంది. కాబట్టి మీ పిల్లవాడు అండర్-16, అండర్-19 ప్రాబబుల్స్‌లో ఉంటే, కోచ్‌గారిని "పేస్ ఫౌండేషన్‌కు వీడి పేరు పంపగలరా?" అని నేరుగా అడగండి. మనవాళ్లు మొహమాటపడి అడగరు. వేసవిలో మద్రాసు దాకా సొంతంగా వెళ్లి గేటు దగ్గర నిలబడటం కన్నా ఇలా వెళ్లడం నయం.

బీసీసీఐ నేషనల్ క్రికెట్ అకాడమీ 2000లో బెంగళూరులో మొదలైంది. ఇప్పుడది సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ పేరుతో 2024లో ప్రారంభించిన కొత్త ప్రాంగణంలో నడుస్తోంది. దానికి దరఖాస్తు ఉండదు. జాతీయ వయోవిభాగం పోటీల్లో రాణించిన వాళ్లను బోర్డే క్యాంపులకు పిలుస్తుంది, ఖర్చులూ భరిస్తుంది. స్పిన్నర్లకు ఈ క్యాంపులు ముఖ్యం.

మన దగ్గరకొస్తే, విజయనగరంలోని డాక్టర్ పీవీజీ రాజు ఏసీఏ స్పోర్ట్స్ కాంప్లెక్స్ రంజీ మ్యాచ్‌లు జరిగిన మైదానం. అక్కడ మ్యాచ్ ఉన్నప్పుడు పిల్లల్ని తీసుకెళ్లండి. నెట్స్‌లో రాష్ట్ర జట్టు బ్యాట్స్‌మెన్‌కు బంతులు వేయడానికి స్థానిక బౌలర్లు అవసరమవుతారు. జిల్లా అసోసియేషన్‌లో మీ పేరు తెలిసి ఉంటే ఆ అవకాశం రావచ్చు. రంజీ బ్యాట్స్‌మన్‌కు ఓ గంటసేపు బంతులు వేస్తే తెలిసేది ఏ పుస్తకంలోనూ దొరకదు. ఏసీఏ అకాడమీలకు ఎంపికైతే వసతి, భోజనం, చదువు సంగతులు రాతపూర్వకంగా అడిగి తెలుసుకుని పంపండి.

ఐదో మెట్టు: మ్యాచ్ ఫీజులు, అవార్డులు

ఆంధ్రా జట్టులోకి వస్తే డబ్బు నిజంగా మొదలవుతుంది. బీసీసీఐ 2021లో ప్రకటించిన లెక్క ప్రకారం అబ్బాయిలకు తుది జట్టులో ఉంటే రోజుకు అండర్-16లో 7,000, అండర్-19లో 20,000, అండర్-23లో 25,000 రూపాయలు. రిజర్వులో ఉంటే సగం. అండర్-19 నాలుగు రోజుల మ్యాచ్ ఒక్కటి ఆడితే 80,000. మహిళల దేశవాళీ ఫీజు చాలాకాలం వెనకబడే ఉంది. 2025 డిసెంబరులో పెంచాక సీనియర్లకు వన్డే, బహుళ రోజుల మ్యాచ్‌లలో రోజుకు 50,000, జూనియర్లకు 25,000 అయింది.

పాన్ కార్డు అవసరం ఇక్కడే. ఫీజులో పన్ను కోత పడుతుంది. రిటర్ను వేస్తే, ఆదాయం పరిమితి లోపల ఉన్న పిల్లలకు అది వెనక్కి వస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: మైనర్ సొంత నైపుణ్యంతో సంపాదించిన డబ్బును తల్లిదండ్రుల ఆదాయంలో కలపరు. పిల్లవాడి పేరు మీదే రిటర్ను వేయించండి.

ఇక అవార్డులు. బీసీసీఐ ఏటా ఇచ్చే నమన్ అవార్డుల్లో బౌలర్లకు నేరుగా దక్కేవి ఉన్నాయి. విజయ్ మర్చంట్ ట్రోఫీలో ఎక్కువ వికెట్లు తీసిన వాళ్లకు జగ్మోహన్ దాల్మియా ట్రోఫీ. కూచ్ బెహార్ ట్రోఫీలో, సీకే నాయుడు ట్రోఫీలో ఎక్కువ వికెట్లు తీసిన వాళ్లకు ఎంఏ చిదంబరం ట్రోఫీ. రంజీలో అయితే మాధవరావ్ సింధియా అవార్డు. బ్యాటింగూ వచ్చిన బౌలర్ అయితే దేశవాళీ ఉత్తమ ఆల్‌రౌండర్‌కిచ్చే లాలా అమర్‌నాథ్ అవార్డుంది. ఉత్తమ జూనియర్ మహిళా క్రికెటర్‌కు కూడా జగ్మోహన్ దాల్మియా ట్రోఫీ పేరుతోనే ఇస్తారు. వీటికి దరఖాస్తు అక్కర్లేదు, స్కోరుబుక్కే దరఖాస్తు. వీటితో పాటు 2024 ఆగస్టులో ఒక మంచి నిర్ణయం వచ్చింది. బీసీసీఐ నడిపే జూనియర్, మహిళల టోర్నమెంట్లన్నిటిలో ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్, ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్‌కు నగదు బహుమతి ఇస్తామన్నారు.

రాష్ట్రంలో 2022 నుంచి ఆంధ్రా ప్రీమియర్ లీగ్ నడుస్తోంది. ఐపీఎల్ స్కౌట్లు ఇలాంటి లీగులు చూస్తారు. టెక్కలి ఆఫ్‌స్పిన్నర్ త్రిపురాన విజయ్‌ను 2024 నవంబరు వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ 30 లక్షలకు తీసుకుంది. టెక్కలి నుంచి అక్కడిదాకా దారి ఉందని మన పిల్లలకు చూపించడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

అమ్మాయిల గురించి విడిగా

ఆడపిల్లల్ని ఆటకు పంపడానికి ఇప్పటికీ తటపటాయించే ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్ల కోసం రెండు పేర్లు చెబుతాను. విశాఖ ఫాస్ట్ బౌలర్ షబ్నం షకీల్ 2023లో అండర్-19 టీ20 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో ఉంది. అదే ఏడాది డిసెంబరులో మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో గుజరాత్ జెయింట్స్ ఆమెను 10 లక్షలకు తీసుకుంది. కడప జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి 2025లో వన్డే ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడింది. రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు 2.5 కోట్ల నగదు, 1,000 గజాల ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది.

జిల్లా స్థాయిలో అమ్మాయిల సెలక్షన్లకు వచ్చేవాళ్లు అబ్బాయిలతో పోలిస్తే చాలా తక్కువ. క్రమం తప్పకుండా సాధన చేసే అమ్మాయికి జిల్లా జట్టు అందనంత దూరంలో ఉండదు. స్కూల్లో హ్యాండ్‌బాల్, జావెలిన్ వేసే అమ్మాయిల భుజంలో బలం ఉంటుంది, బౌలింగ్ త్వరగా పడుతుంది. పీఈటీ మాస్టార్లు, మేడమ్‌లు అలాంటి పిల్లల్ని గమనించి ఒక తోలుబంతి చేతిలో పెట్టి చూడాలని నా కోరిక. పంపేటప్పుడు క్యాంపులో మహిళా సిబ్బంది ఉన్నారా, వసతి ఎక్కడ, ప్రయాణంలో ఎవరు తోడుంటారు అని అడగండి. అడగడం మీ హక్కు. సరైన నిర్వాహకులు విసుక్కోకుండా చెబుతారు.

ఆరో మెట్టు: చదువు స్కాలర్‌షిప్‌లను ఆటకు ఆసరా చేసుకోవడం

క్రికెట్ పేరుతో రాకపోయినా ఇంటి బరువు దించే డబ్బు ఇది. ప్రభుత్వ, జడ్పీ, మున్సిపల్, ఎయిడెడ్ స్కూళ్లలో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షల లోపు ఉండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు. అంటే అండర్-16, అండర్-19 ఆడే సరిగ్గా ఆ నాలుగేళ్లూ స్పైకులకీ బంతులకీ బస్సు చార్జీలకీ ఆసరా. పదో తరగతిలో 60 శాతం మార్కులు రాకపోతే ఆగిపోతుంది, ఎస్సీ, ఎస్టీలకు 55. సెలక్షన్లంటూ బడి మానిపించే ముందు ఇది చూసుకోండి.

నిజానికి బౌలర్ ఖర్చు బ్యాట్స్‌మన్ ఖర్చంత ఉండదు. ఇంగ్లిష్ విల్లో బ్యాటు, ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్ మీద పోసే వేలు బౌలర్‌కు అక్కర్లేదు. ఒక్క బూట్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ముందు కాలు నేలకు తాకేటప్పుడు ఒంటి బరువుకు ఎన్నో రెట్ల భారం దాని మీద పడుతుంది. నాసిరకం బూట్లు మడమనీ మోకాలినీ పాడుచేస్తాయి.

ఏడో మెట్టు: కాలేజీ

ఇంజినీరింగ్‌కు వెళ్లే వాళ్లకు ఏపీఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో 0.5 శాతం క్రీడా కోటా ఉంది. సర్టిఫికెట్లను రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ, అంటే శాప్, పరిశీలిస్తుంది. డిగ్రీకి ఆంధ్రా యూనివర్సిటీ, ఎచ్చెర్లలోని అంబేడ్కర్ యూనివర్సిటీ పరిధిలో చేరితే అంతర్ కళాశాలల పోటీల నుంచి యూనివర్సిటీ జట్టుకు వెళ్లొచ్చు. అక్కడి నుంచి సౌత్ జోన్ (దక్షిణాది యూనివర్సిటీల) పోటీలకు. జోన్ల మధ్య యూనివర్సిటీ జట్లు ఆడే పోటీ పేరు విజ్జీ ట్రోఫీ. 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టుకు కెప్టెన్‌గా వ్యవహరించిన విజయనగరం మహారాజ్‌కుమార్ పేరిట పెట్టింది. ఆ ట్రోఫీ మన ఊరి పిల్లలు గెలిచి తేవాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

విశాఖ, చెన్నై వైపు ప్రైవేటు యూనివర్సిటీలు రాష్ట్ర స్థాయి ఆటగాళ్లకు ఫీజు రాయితీ ఇస్తాయి. చేర్చే ముందు నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. రాయితీ ట్యూషన్ ఫీజుకేనా, హాస్టల్, మెస్ కూడానా? ఏటా కొనసాగాలంటే షరతులేంటి? రాష్ట్ర జట్టుకు వెళ్లిన రోజులకు హాజరు ఇస్తారా? నాలుగోది బౌలర్‌కు అన్నిటికన్నా ముఖ్యం: గాయమై ఒక సీజన్ ఆడలేకపోతే రాయితీ ఉంటుందా, పోతుందా? యువ ఫాస్ట్ బౌలర్లకు నడుము దగ్గర వెన్నుపూసలో ఒత్తిడి వల్ల చీలిక రావడం అరుదేమీ కాదు, వస్తే నెలల విశ్రాంతి తప్పదు. ఆ ప్రశ్నకు జవాబు దాటేసే కాలేజీ అయితే నేను పంపను.

గాయం మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. ఇంగ్లండ్ బోర్డు 14, 15 ఏళ్ల ఫాస్ట్ బౌలర్లకు ఒక స్పెల్‌లో 6 ఓవర్లు, రోజుకు 12 ఓవర్లు మించకూడదని నియమం పెట్టింది. మన దగ్గర ఆ వయసు పిల్లవాడు ఆదివారం పొద్దున క్లబ్ మ్యాచ్‌లో, సాయంత్రం టెన్నిస్ బంతి టోర్నమెంట్‌లో, మధ్యలో నెట్స్‌లో కలిపి లెక్కలేనన్ని బంతులు వేస్తాడు. నెట్స్‌లో వేసినవీ లెక్కలోకే వస్తాయి. సంక్రాంతి టోర్నమెంట్లు ఆడొద్దని నేననను, ఆ నగదు బహుమతి ఎన్నో ఇళ్లలో బూట్లు కొనిపెట్టింది. జిల్లా సెలక్షన్‌కు ముందు రెండు మూడు వారాలు మాత్రం తోలుబంతి తప్ప ఇంకేదీ పట్టుకోనివ్వకండి. తేలిక బంతికి అలవాటైన చెయ్యి బరువు బంతితో లెంగ్త్ తప్పుతుంది.

ఎనిమిదో మెట్టు: ఉద్యోగం

రాష్ట్ర క్రీడా విధానం 2024-29 ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో ఈ కోటా కింద 421 పోస్టులు వచ్చాయి. రైల్వేలు, తపాలా శాఖ కూడా క్రీడా కోటా నోటిఫికేషన్లు ఇస్తుంటాయి, బౌలర్, ఆల్‌రౌండర్ అని ఏ రకం ఆటగాడు కావాలో కొన్నిసార్లు అందులోనే రాస్తారు. ఇండియన్ ఆయిల్, ఓఎన్‌జీసీ లాంటి సంస్థలు యువ క్రీడాకారులకు స్టైపెండ్ పథకాలు ప్రకటిస్తుంటాయి. ఆ ఏడాది జాబితాలో క్రికెట్ ఉందో లేదో ముందు చూసి, ఆ తర్వాతే కాగితాలు సిద్ధం చేయండి.

దాతల్ని అడిగే పద్ధతి

2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చులో గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడల శిక్షణ కూడా వస్తుంది. పైడిభీమవరం వైపు ఫార్మా కంపెనీలున్నాయి, రాజాం, గరివిడి, నెల్లిమర్ల చుట్టూ పరిశ్రమలున్నాయి. ఆ డబ్బు ఒక వ్యక్తి చేతికివ్వడం వాళ్లకు కష్టం. స్కూలు ద్వారానో రిజిస్టరైన క్లబ్బు ద్వారానో, పదిమందికి పనికొచ్చేలా అడిగితే కదులుతుంది: ఒక మ్యాటింగ్ పిచ్, నెట్, ఏడాదికి సరిపడా బంతులు. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఇలా ఉంటే చాలు:

"అయ్యా, మా హైస్కూలులో 14 మంది విద్యార్థులు తోలుబంతి బౌలింగ్ సాధన చేస్తున్నారు. వీరిలో ఇద్దరు ఈ ఏడాది జిల్లా అండర్-16 జట్టుకు ఆడారు. వారి గణాంకాలు జతచేశాము. సిమెంటు పిచ్ మీద వేయడం వల్ల పిల్లలకు మోకాళ్ల నొప్పులు వస్తున్నాయి. ఒక మ్యాటింగ్, రెండు నెట్లు ఇప్పించగలరని కోరుతున్నాము. అంచనా బిల్లు జతచేశాము. వినియోగపు లెక్కలు, ఫొటోలు ఆరు నెలలకోసారి పంపుతాము."

మోసాల దగ్గర జాగ్రత్త

"అండర్-19 సెలక్షన్ చూసుకుంటా, రెండు లక్షలివ్వండి" అనేవాళ్లు, బీసీసీఐ పేరుకు దగ్గరగా ఉండే పేరుతో సంస్థ పెట్టి "నేషనల్స్" అని ఢిల్లీ, గోవా తీసుకెళ్లి సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్లు మన చిన్న పట్టణాల్లోనే ఎక్కువ తిరుగుతారు. ఆ మెడల్ మెరుస్తుంది కానీ ఏ కోటాలోనూ చెల్లదు. ఆంధ్రా జట్టుకు ఎంపికైన పిల్లవాడు ప్రయాణానికీ బసకీ జెర్సీకీ పైసా కట్టక్కర్లేదు, పైగా అతనికే ఫీజు వస్తుంది. "జాతీయ టోర్నమెంట్" అని చెప్పి ఎంట్రీ ఫీజు, కిట్ ఫీజు, రైలు ఖర్చు అడిగారంటే అది ఆ నిచ్చెన కాదు. డబ్బు కట్టే ముందు జిల్లా క్రికెట్ అసోసియేషన్‌కు, జిల్లా క్రీడాభివృద్ధి అధికారి ఆఫీసుకు వెళ్లి ఆ సంస్థ పేరు చెప్పి అడగండి. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఒక్క పూట పని.

ఈ వారంలో చేయగలిగింది ఏమిటంటే: ఆధార్, స్కూలు రికార్డు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి పేరు, తేదీ సరిపోల్చండి. పీఈటీ మాస్టారిని కలిసి స్కూల్ గేమ్స్ మండల పోటీలు ఎప్పుడో కనుక్కోండి. గత ఏడాది ఆడిన మ్యాచ్‌ల స్కోర్లు గుర్తున్నంతవరకు పిల్లవాడి చేత్తోనే నోటుబుక్కులో రాయించండి. ఎనిమిదో తరగతిలో ఉంటే ఎన్ఎంఎంఎస్ దరఖాస్తు ఎప్పుడో హెడ్మాస్టరుగారిని అడగండి.